ఊడను నేల తాకనివ్వండి: మహామర్రుల బాగోగులు చూసే అధికారులకు బహిరంగ లేఖ

మహామర్రుల సంరక్షణ, సందర్శన ఏర్పాట్లు చూసే అటవీ, పర్యాటక, పంచాయతీ అధికారులకు. ఆ చెట్ల నీడకు పిల్లాపాపలతో వచ్చే ప్రతి కుటుంబానికీ,

నమస్కారం.

ఊడలకు గొట్టాలు కట్టడం, పాదులు సరిచేయడం, చెద వదిలించడం తెలిసిన పనివాళ్లం మేము. మాలో కొందరు ఆ చెట్ల దగ్గరే కొబ్బరికాయలు, బొరుగులు, చెరకురసం అమ్ముకుని బతుకుతున్నవాళ్లు. ఈ లేఖలోని సంగతులన్నీ అర్జీలుగా రాసి ఇంతకుముందే ఇచ్చాం. రసీదులున్నాయి, జవాబుల్లేవు. వానలు మొదలయ్యేలోపు చేయాల్సిన పని కాబట్టి ఇక అందరి ముందూ పెడుతున్నాం.

తెలుగు నేల మీద దారిన పోయేవాళ్లు బండి ఆపి దిగి చూసే వింతల్లో రెండు మర్రిచెట్లున్నాయి. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో గూటిబైలు దగ్గర ఉన్నది తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు ఐదెకరాల మేర పరుచుకుని, 1,100కు పైగా ఊడలతో నిలబడి, 1989లో గిన్నిస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. రెండోది మహబూబ్‌నగర్ ఊరి పక్కన ఉన్న పిల్లలమర్రి. మూడెకరాల నీడ. వయసు 700 ఏళ్లని చెబుతారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన దేశదేశాల అమ్మాయిలను తీసుకొచ్చి చూపించింది ఈ చెట్టునే. ఇవి కాక ఊరి పొలిమేరల్లో, గుడుల దగ్గర, చెరువుగట్ల మీద పేరుకెక్కని పెద్ద మర్రులు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ రాస్తున్నది ఏ ఒక్క చెట్టు గురించో, ఏ ఒక్క కార్యాలయం మీదో కాదు. జనం వచ్చే ప్రతి మహామర్రికీ ఇది వర్తిస్తుంది.

ముందు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మర్రి బతికేది మాను మీద కాదు, ఊడల మీద.

కోల్‌కతా దగ్గర శిబ్‌పూర్ వృక్షోద్యానంలోని మహామర్రిని 1864లో, 1867లో వచ్చిన తుపానులు విరగగొట్టాయి. దెబ్బతిన్న మానుకు బూజు తెగులు పట్టింది. 1925లో ఆ తల్లిమానును పూర్తిగా కోసి తీసేశారు. చెట్టు చావలేదు. ఊడల మీద ఇవాళ్టికీ పెరుగుతూనే ఉంది. చెన్నైలోని అడయారు మర్రి తల్లిమాను 1989 గాలివానకు కూలింది, ఊడలు చెట్టును నిలబెట్టాయి. బెంగళూరు దగ్గర రామోహళ్లి పెద్దమర్రి తల్లిమాను రోగంతో పోయింది, అక్కడా అంతే. ఊడలు దండిగా ఉన్న చెట్టుకు మాను పోయినా రోజులు చెల్లవు. కొత్త ఊడలు దిగని చెట్టుకు మాను ఎంత లావున్నా లాభం లేదు. ఎందుకంటే కొమ్మ పక్కకు సాగుతూనే ఉంటుంది, బరువు పెరుగుతూనే ఉంటుంది, కింద ఆసరా మాత్రం రాదు. గెల బరువెక్కిన అరటికి ఊతకర్ర పెట్టకపోతే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన చెట్ల కింద జరుగుతున్నది చూడండి. కొమ్మ నుంచి దిగే లేత ఊడ మొదట జడపాయంత సన్నగా ఉంటుంది. కొస దగ్గర రెండు మూడంగుళాలు పాలిపోయిన రంగులో మెత్తగా ఉంటుంది, గోటితో గిల్లితే తెగిపోతుంది. ఊడ పొడుగు పెరిగేది ఆ కొస వెనకే. అది నేలకు ఇంకా నాలుగైదు అడుగులు ఉందనగా సరిగ్గా పిల్లల చేతికి అందుతుంది. పిల్లలు ఊగుతారు, పెద్దలు ఫోటో తీస్తారు. పాతిక కిలోల పిల్లవాడు బాగా ఎత్తుకు ఊగితే కిందికి వచ్చిన క్షణంలో ఊడ మీద పడే బరువు దాదాపు రెండింతలు. అంత బరువుకు పైన కొమ్మను అంటిన చోట బెరడు చీలుతుంది. కింద కొస నలిగి పాలు కారుతుంది. కొస పోయిన ఊడ అక్కడితో ఆగి, వెనక నుంచి నాలుగైదు సన్న పాయలు వేస్తుంది. వాటినీ మళ్లీ ఎవరో లాగుతారు. రెండు మూడేళ్లకు ఆ ఊడ చివర చీపురుకట్టలా తయారవుతుంది, నేలను మాత్రం తాకదు. సందర్శకులు ఎక్కువగా నిలబడే చోట తలెత్తి చూస్తే ఇలాంటి చీపురుకట్టలు వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ రాకుండా పోయిన ఒక స్తంభం.

నేలలో నాటుకున్న ఊడ సంగతి వేరు. మట్టి తగలగానే వేళ్లు వేస్తుంది, బిగుసుకుంటుంది, ఏడాది తిరిగేసరికి లావెక్కడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరు పట్టుకున్నా ఏమీ కాదు. కాపాడాల్సింది కొమ్మ వదిలినప్పటి నుంచి నేల పట్టేదాకా ఉన్న ఆ నడిమి కాలాన్నే.

2017 డిసెంబరులో పిల్లలమర్రి పెద్దకొమ్మ విరిగిపడింది. చెట్టుకు చెద బాగా పట్టి ఉంది. సందర్శకులను ఆపేశారు. 2018లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు కలిపిన సెలైన్ సీసాలను వందల సంఖ్యలో కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా మందు ఎక్కించారు. బరువు కొమ్మల కింద కాంక్రీటు ఊతాలు కట్టారు. దేశమంతా ఆ ఫోటోలు చూసింది. ఆ కష్టం చేసిన సిబ్బందికి మా దండాలు. కానీ చెట్టును ఆసుపత్రి మంచం ఎక్కించాక చేసే వైద్యం అది. మేము అడుగుతున్నది అంతకు పదేళ్ల ముందు చేయాల్సిన పని.

చెట్టు మూతపడితే నష్టం చెట్టుతో ఆగదు. ఆదివారం ఒక ఆటోలో ఆరుగురు కూర్చుని, ఇంటి నుంచి పులిహోర కట్టుకుని, వంద రెండొందల్లో రోజంతా గడిపి వెళ్లే కుటుంబాలకు ఇలాంటి చోటు ఇంకొకటి లేదు. మండలంలోని సర్కారు బడుల పిల్లలకు ఏడాదికి ఒక్క విహారయాత్ర అంటే ఈ చెట్టే. గేటుకు తాళం పడిన రోజు నుంచి కొబ్బరికాయల బండికీ, సోడాల బండికీ, ఆటోలవాళ్లకూ పూట గడవదు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడపడుచులు, మర్రిమాను దగ్గర అమ్మవారిగా కొలిచే తిమ్మమ్మ ముందు నిలబడాలని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లు గేటు బయట నుంచి దండం పెట్టుకుని తిరిగి వెళ్లే రోజు రాకూడదు. అందుకే ఈ కింది సంగతులు.

1. ఊడలకు గొట్టాలు కట్టించండి.

మా మొదటి డిమాండు, అన్నిటికంటే పెద్దది ఇదే. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర వెదురుగొట్టాల్లో మట్టి నింపి లేత ఊడలను కిందికి నడిపించే పని అటవీ సిబ్బంది చేసి చూపించారు. అది అన్ని చెట్లకూ, ప్రతి ఏటా, లెక్క ప్రకారం జరగాలి. పద్ధతి కష్టమైనదేమీ కాదు.

మొదట చెట్టంతా తిరిగి, కింద ఆసరా లేకుండా ఇరవై అడుగులు దాటి సాగిన కొమ్మలన్నిటికీ సున్నపు గుర్తు పెట్టాలి. ఒక్కో కొమ్మకు పెన్సిలంత లావుకు వచ్చిన ఊడలు రెండో మూడో ఎంచుకోవాలి. ఒక్కటే ఎంచుకుంటే అది తెగిన రోజున మళ్లీ మొదటికొస్తాం.

నాలుగంగుళాల లావు వెదురుబొంగును నిలువునా రెండుగా చీల్చి, కణుపుల దగ్గర లోపలి అడ్డుపొరలు ఉలితో కొట్టేయాలి. ఊడను మధ్యలో పెట్టి, రెండు చెక్కలూ మూసి, అడుగున్నరకొక కట్టు చొప్పున కొబ్బరితాడుతో కట్టాలి. ఇనుపతీగ వాడకూడదు. ఊడ లావెక్కేకొద్దీ వెదురు విచ్చుకోవాలి, తాడు ఆ వేళకు చివికి తెగిపోతుంది. తీగ తెగదు, ఊడనే కోస్తుంది. ప్లాస్టిక్ గొట్టం వాడేవాళ్లూ ఉన్నారు. ఎండ తగిలే చోట అది లోపల మట్టిని కాల్చేస్తుంది. తప్పనిసరైతే నిలువునా కోసి, పైన గోనెపట్టా చుట్టి వాడాలి.

గొట్టం బరువు ఊడ మీద పడకూడదు. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. పక్కన విడిగా ఒక గుంజ పాతి గొట్టాన్ని దానికి కట్టాలి. అలా చేయకపోతే గాలికి గొట్టం ఊగి, రక్షించాలనుకున్న ఊడనే పై మొదట్లో తెంపుతుంది.

నింపే మిశ్రమం: జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు. పచ్చిపేడ వేస్తే ఆ వేడికి ఊడ కొస మాడిపోతుంది. ఆరడుగుల గొట్టానికి సుమారు ఒక తట్ట మిశ్రమం పడుతుంది. గొట్టం కింద అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీసి అదే మిశ్రమంతో నింపాలి, దానికి ఆరేడు తట్టలు కావాలి. గుంట తీసేటప్పుడు గునపం పెద్ద వేరుకు తగిలితే అక్కడ ఆపి, జానెడు పక్కకు జరగాలి.

ఎండల్లో రోజూ పై నుంచి ఒక చెంబు నీళ్లు పోయాలి. గొట్టం అడుగున నీరు దిగే సందు ఉందో లేదో చూసుకోవాలి, నీళ్లు నిలిస్తే కొస కుళ్లుతుంది. వానాకాలంలో ఊడలు చకచకా దిగుతాయి కాబట్టి కట్టే పని మృగశిర కార్తెలోపు పూర్తవ్వాలి. ఊడ నేల పట్టిందో లేదో తెలుసుకోవడానికి లాగి చూడకూడదు. గొట్టం పైన కనిపించే భాగం వదులుగా వేలాడటం పోయి బిగిసి నిలబడితే పట్టినట్టే. వెదురును మరో వానాకాలం అలాగే ఉంచి, ఆ తర్వాత తీయాలి. చుట్టూ మూడడుగుల దూరంలో నడుం ఎత్తు దడి కట్టాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నది ఊడకు అక్షరాలా వర్తిస్తుంది. లేతప్పుడు ఎటు నడిపిస్తే అటు దిగుతుంది. నడకదారికి అడ్డం వస్తుందని ముదిరిన ఊడను రంపంతో కోయించడం కంటే, లేతప్పుడే రెండడుగులు పక్కకు నడిపిస్తే దారీ ఉంటుంది, స్తంభమూ ఉంటుంది.

దీనికి ఒక రిజిస్టరు పెట్టండి. ఏ కొమ్మకు, ఏ తేదీన, ఎన్ని గొట్టాలు కట్టారు, ఎన్ని నాటుకున్నాయి అన్నది ఏటా దసరా తర్వాత చెట్టు దగ్గరే బోర్డు మీద రాయండి.

2. నేలను తొక్కుడు నుంచి కాపాడండి.

మర్రికి తిండి పెట్టే సన్నవేళ్లు చాలావరకు పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. వేల పాదాలు తొక్కిన మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. వాన కురిసినా నీరు లోపలికి దిగక పక్కకు పారిపోతుంది. పరీక్ష తేలిక. వాన వెలిసిన మర్నాడు వేలంత ఇనుప సువ్వను చేత్తో నొక్కితే అర అడుగన్నా దిగాలి. దిగకపోతే ఆ నేల కింద వేళ్లు ఊపిరాడక ఉన్నాయని అర్థం. ఒక బిందె నీళ్లు గుమ్మరించి చూసినా తెలుస్తుంది, అరగంటకు కూడా ఇంకకపోతే అదే సంగతి.

విరుగుడు పేరుతో నాగలి పెట్టించొద్దు, ట్రాక్టరు అసలే వద్దు. సన్నవేళ్లన్నీ తెగుతాయి. జనాన్ని ఆ నేల మీద నుంచి తప్పించి, రాలిన ఆకును మూడు నాలుగంగుళాల మందాన పరిచి వదిలేస్తే వానపాములే రెండు మూడేళ్లలో మట్టిని గుల్ల చేస్తాయి. ఆకు మానుకు, ఊడలకు ఆనకుండా అర అడుగు ఖాళీ ఉంచాలి, లేకపోతే చెద ఆ దారినే ఎక్కుతుంది. రోజూ ఊడ్చి ఆకులు కాల్చే అలవాటును శుభ్రత అనుకుంటున్నారు. అది చెట్టు నోటి దగ్గర కూడు లాగేయడం.

సిమెంటు పలకలు, అరుగులు ఇకపై వేయించకండి. నేలకు జానెడు ఎత్తులో, చిన్న చిన్న దిమ్మెల మీద, సందులున్న చెక్కలతో ఐదడుగుల వెడల్పు నడకదారి వేయించండి. చక్రాల కుర్చీలో వచ్చే పెద్దవాళ్లూ, చంటిబిడ్డల తోపుడుబళ్లూ దాని మీద హాయిగా పోతాయి. బళ్లు నిలిపే చోటు కొమ్మల చివరి నీడ దాటి కనీసం ముప్ఫై అడుగుల అవతల ఉండాలి. వేళ్లు నీడతో ఆగవు.

3. మొక్కులకు వేరే చోటు చూపించండి.

భక్తిని తప్పుపట్టడం లేదు. తిమ్మమ్మ మీద జనానికున్న నమ్మకమే ఇన్ని వందల ఏళ్లు ఆ చెట్టు మీద గొడ్డలి పడకుండా కాపాడింది. కానీ ఊడకు కట్టిన పసుపుదారాన్ని మూడేళ్ల తర్వాత దగ్గరగా చూడండి. దారం కనిపించదు. ఊడ లావెక్కి దాన్ని మింగేసి ఉంటుంది. బెరడు మీద ఉంగరంలా ఒక గాడి, గాడికి పైన వాపు, కింద సన్నబడిన ఊడ. ఆకుల నుంచి దిగే ఆహారం ఆ గాడి దాటి కిందికి పోవడం లేదని దాని అర్థం. నైలాన్ దారం, చీర అంచు, ప్లాస్టిక్ ఉయ్యాల అయితే ఇంకా తొందరగా జరుగుతుంది.

అమ్మవారి ముందు, కొమ్మల నీడకు బయట, కర్రతో ఒక పందిరిచట్రం వేయించండి. దారాలూ ఉయ్యాలలూ దానికే కట్టమని పూజారిగారే చెప్పాలి, ఆయన మాటకున్న విలువ బోర్డుకు ఉండదు. చెట్టుకు ఇప్పటికే ఉన్నవాటిని నెలకోసారి మొన మొద్దుగా ఉన్న కత్తెరతో తీయించండి. కత్తి వాడితే బెరడు తెగుతుంది. తీసినవాటిని చెత్తలో వేయకుండా మర్యాదగా మట్టిలో కలిపితే ఎవరి మనసూ నొచ్చుకోదు.

4. పొయ్యిలు, దీపాలు.

కార్తీక వనభోజనాలకూ, శివరాత్రికీ మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. పై మట్టిలో ఉన్న వేళ్లు ఆ వేడికి ఉడికిపోతాయి. చెట్టు నీడకు ఆవల కప్పువేసిన వంటశాల, గట్టున నాలుగు పొయ్యిలు, ఒక కుళాయి ఉంటే జనమే అక్కడికి పోతారు. వద్దని చెప్పి ఊరుకుంటే వినరు. దీపాలు, కర్పూరం మాను మొదట్లో కాకుండా గజం దూరంలో ఇసుక పోసిన ఇత్తడి పళ్లెంలో పెట్టించండి. సబ్బునీళ్లు, మిగిలిన అన్నం చెట్టు పాదులో పోయకూడదు.

5. చెద మందు వేస్తే జనానికి చెప్పండి.

చెద తరచుగా నేలలోని పుట్ట నుంచి బెరడు మీద మట్టిబాటలు కట్టుకుంటూ ఎక్కి, ఎండుకొమ్మల్లో పాగా వేస్తుంది. కాబట్టి మొదటి పని మందు కాదు. ఎండిన కొమ్మలను నున్నగా కోసి తీసేయడం, మట్టిబాటలను గట్టి బ్రష్షుతో రాల్చేయడం, పుట్ట ఎక్కడుందో వెతికి తవ్వడం ముందు జరగాలి. అవి చేయకుండా మానుకు పదేపదే తూట్లు పొడిచి మందు పోస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ప్రతి తూటూ బూజుకు కొత్త గుమ్మం.

మందు తప్పనిసరైన రోజున అది విషమన్న సంగతి జనానికి తెలియాలి. పిల్లలు ఉత్తకాళ్లతో తిరుగుతారు, రాలిన మర్రిపండు నోట్లో పెట్టుకుంటారు, మట్టిలో ఆడిన చేత్తోనే తింటారు. ఏ మందు, ఏ తేదీన వేశారు, ఎన్ని రోజులు ఆ వైపు పోకూడదు అన్న మూడు మాటలు పెద్ద అక్షరాల తెలుగులో గేటు దగ్గరే రాసిపెట్టండి. తాడు కట్టి ఆ భాగాన్ని మూయండి. చెట్టు దగ్గర తినుబండారాలు అమ్మేవాళ్లకు ఒకరోజు ముందే చెప్పండి.

6. ఊతస్తంభాలు కొమ్మను కోయకూడదు.

కాంక్రీటు ఊతం అవసరమైన చోట పెట్టాల్సిందే. దాని పునాదిని జేసీబీతో కాకుండా చేతి పారతో తవ్వించండి. బొటనవేలి కంటే లావైన వేరు తగిలితే గుంటను జరపండి. స్తంభం తల మీద కొమ్మ ఆనే చోట అడుగు వెడల్పు దోనెలాంటి ఆసరా, దాని మీద మందపాటి రబ్బరు పట్టా ఉండాలి. వట్టి సిమెంటు మీద ఆనిన కొమ్మ గాలికి ఒరుసుకుని బెరడు పోగొట్టుకుంటుంది, చెద కూడా ఆ పుండులోంచే దూరుతుంది. ఇనుప పట్టీతో బిగించకండి. ఏడాదికి రెండుసార్లు, వేసవి గాలులకు ముందూ, వానలయ్యాకా చూసి సరిచేయాలి. ఆ స్తంభం పక్కనే ఒక ఊడ గొట్టం కూడా కట్టించండి. పదేళ్లకు అసలు స్తంభం అదే అవుతుంది.

7. ఈదురుగాలి వేళ చెట్టు కింద ఎవరూ ఉండకూడదు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో దుమ్ముగాలి లేస్తే జనం పరుగున చెట్టు కిందికే వస్తారు. ముసలి కొమ్మలున్న చెట్టుకు అది ప్రమాదకరమైన వేళ. గంట కట్టండి. మబ్బు కమ్మగానే కాపలాదారు గంట కొడితే అందరూ పది నిమిషాల్లో బయటి షెడ్డులోకి చేరాలి. అందుకు ముందు ఆ షెడ్డు ఉండాలి.

8. మరుగుదొడ్లు, తాగునీళ్లు.

ఆడవాళ్లు పొద్దున నుంచి నీళ్లు తాగకుండా వచ్చి, చెట్టు చూసి, గంటలో వెళ్లిపోవడం ఏ ఊరికీ గౌరవం కాదు. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, ఒక కుళాయి, చంటిబిడ్డకు పాలిచ్చేందుకు ఒక చాటు. ఇంతే.

9. టికెట్టు డబ్బు చెట్టుకే.

టికెట్టు, పార్కింగు రుసుము వసూలు చేసే ప్రతి చెట్టు దగ్గరా ఎంత వచ్చింది, చెట్టు మీద ఎంత ఖర్చయింది అన్నది మూడు నెలలకోసారి బోర్డు మీద పెట్టండి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నారన్న మాట ఎవరికీ రాకూడదు. ఊడలు నడిపించే పనికి ఆ ఊరివాళ్లనే పెట్టుకోండి. ఒక చెట్టుకు ఏడాది పొడుగునా ఇద్దరు మనుషులుంటే నీళ్లు పోయడం, గొట్టాలు చూడటం, దారాలు తీయడం, పిల్లలకు చెప్పడం అన్నీ జరిగిపోతాయి.

కుటుంబాలతో వచ్చేవాళ్లకు నాలుగు మాటలు. పిల్లలు ఊడ పట్టుకుని ఊగాలని మారాం చేస్తారు. వద్దని కసిరితే వాళ్లకు చెట్టు మీద మనసు పోతుంది. నేలలో నాటుకున్న ఊడ ఏదో, నాటుకోనిది ఏదో వాళ్లనే వెతకమనండి. నేల పట్టిన లావుపాటి ఊడను కావలించుకోనివ్వండి. వేలాడుతున్న దాని కొసను దూరం నుంచి చూపించి, ఇది కిందికి వస్తోంది, వచ్చే ఏడు మళ్లీ వచ్చి ఎంత దిగిందో కొలుద్దామని చెప్పండి. బెరడు మీద పేర్లు చెక్కకండి, ఆ గీత కిందే చెట్టు ఆహారం నడిచే పొర ఉంటుంది. పొద్దున తొమ్మిదిలోపు వస్తే జనం తక్కువ, పక్షులు ఎక్కువ. నీళ్లు, చాప, చెత్తకు ఒక గోనెసంచి తెచ్చుకోండి. చాప నడకదారికి దగ్గరలోనే పరుచుకోండి.

అధికారులను మేము అడుగుతున్న గడువులు ఇవి. ఈ లేఖ చేరిన పదిహేను రోజుల్లో ఊడలు తెలిసిన ఇద్దరు పనివాళ్లతో కలిసి చెట్టంతా తిరిగి, ఆసరా లేని కొమ్మల జాబితా రాయించాలి. నెలలోపు వేలాడే ఊడలున్న చోట తాత్కాలికంగా తాడుదడి కట్టాలి, దానికి పెద్ద ఖర్చు కాదు. మృగశిర కార్తెలోపు మొదటి విడత గొట్టాలు పూర్తవ్వాలి. నడకదారి, వంటశాల, షెడ్డు వచ్చే శివరాత్రి నాటికి కావాలి. ఏది కుదరదో, ఎందుకు కుదరదో అదైనా రాతపూర్వకంగా చెప్పండి. కూలి లేకుండా మొదటి పది గొట్టాలు కట్టి చూపించడానికి మేము సిద్ధంగా ఉన్నాం. వెదురు, మట్టి, ఎరువు మేమే తెచ్చుకుంటాం. కావలసింది మీ అనుమతి ఒక్కటే.

ఇప్పుడు చెట్టు మీద ఉన్న లేత ఊడలు మొదటి వానకు నేల వైపు పరుగెత్తుతాయి. అదే రోజుల్లో బడులు తెరవకముందు ఆఖరి ఆదివారాలని జనమూ ఎక్కువగా వస్తారు. ఆలోపు గొట్టాలు కట్టకపోతే ఈ ఏటి ఊడలూ పోయినట్టే.

ఇట్లు,
మర్రి నీడన పనిచేసేవాళ్లం